ఎర్ర దారం దుప్పట్లు

ఆ భవనంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ మడతక్క. చేతికి ఏది దొరికితే దాన్ని మడత పెట్టేస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్ళు సరే, అవి ఆవిడ ఉద్యోగం. చదివేసిన పేపరు, బిస్కెట్ల ప్యాకెట్టు కాగితం, మందుల చీటీ, ఏదైనా సరే ఆవిడ చేతిలో పడ్డాక నలిగి ఉండటానికి వీల్లేదు. "అక్కా, కదలకుండా కూర్చుంటే నన్ను కూడా నాలుగు మడతలేసి బీరువాలో పెట్టేస్తావు" అన్నాడు ఒకసారి వంటాయన. "నువ్వు పట్టే బీరువా ఇంకా చెయ్యలేదులే నాయనా" అంది మడతక్క, అతని బొజ్జ వైపు ఒక చూపు చూసి.

ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ రాజ్యం కింది అంతస్తు చివర ఉన్న లాండ్రీ గది. రెండు పెద్ద మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా చెక్క అరలు, వాటి మీద అంగుళం తేడా లేకుండా పేర్చిన తెల్ల దుప్పట్లు. పనిలో తనకి వంక పెట్టగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదని ఆవిడ నమ్మకం. మాట దురుసు, ముక్కు మీద కోపం, మనసు మాత్రం చెడ్డది కాదు. తన గురించి తను అనుకునేది ఇదీ. మనలో చాలామంది మన గురించి మనం అనుకునేది కూడా ఇదే కాబట్టి ఆవిడని ఇప్పుడే తప్పు పట్టకండి. కాస్త ఆగితే బోలెడు అవకాశం వస్తుంది.

ఏడాదిన్నర కిందట ఆ భవనాన్ని కొత్తగా దేశంలోకి వచ్చిన కుటుంబాలకి వసతిగా మార్చారు. అంతకుముందు అది శిక్షణకి వచ్చే ఉద్యోగుల హాస్టలు. ఎక్కడో రెండు చోట్ల రెండు యుద్ధాలు జరుగుతున్నాయి. రెండు చోట్ల నుంచీ జనం వచ్చారు. ఒకే నెలలో, ఒకే రకం బస్సుల్లో, ఒకే రకం సంచులు పట్టుకుని దిగారు. మొదటి చోటు నుంచి వచ్చినవాళ్ళది ఈ ఊరివాళ్ళ రంగే. ఎదురుగా వస్తే పక్కింటివాళ్ళేమో అనుకోవచ్చు. రెండో చోటు నుంచి వచ్చినవాళ్ళు నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉన్నారు. మొదటివాళ్ళకి పై రెండంతస్తులూ ఇచ్చారు. రెండోవాళ్ళకి సగం నేలలోకి దిగి ఉండే కింది అంతస్తు ఇచ్చారు. అక్కడ కిటికీలోంచి చూస్తే వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు తప్ప మొహాలు కనబడవు. ఎందుకిలా అని అడిగితే మేనేజరు "ఖాళీని బట్టి సర్దాం" అనేవాడు. పైన పదకొండు గదులు తాళాలేసి ఉన్నప్పుడు కూడా అదే మాట.

ఈ మేనేజరు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అతను ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. నల్లవాళ్ళు అనే మాట అతని నోట ఒక్కసారి కూడా రాలేదు, "కింది కుటుంబాలు" అనేవాడు. వాళ్ళ పిల్లలు వరండాలో ఆడుకుంటే "కింది కుటుంబాల పిల్లలకి కింద విశాలంగా ఉంటుంది కదా" అని మెట్ల దగ్గర తలుపు వేయించాడు. అంత మర్యాద. ఇప్పుడు ఆ మర్యాద తలుచుకుంటే మడతక్కకి అసహ్యంగా ఉంటుంది. అప్పట్లో ఉండలేదు. ఆ సంగతి దాచి ఈ కథ చెబితే నేనూ ఆ మేనేజరు బాపతే అవుతాను.

పైన ఉండే ఒకావిడ ఒకరోజు ఆఫీసుకి వెళ్ళి, ఎవరెవరో కప్పుకున్న దుప్పట్లు మాకు వేస్తున్నారని గొడవ పెట్టింది. ఎవరెవరో అంటే ఎవరో అందరికీ తెలుసు. మేనేజరు లాండ్రీ గదికి దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఎలాగోలా చూడండమ్మా, కలవకుండా" అన్నాడు. ఎలాగో చెప్పలేదు. కాగితం రాయలేదు. ఆ ఎలాగో మడతక్కే కనిపెట్టింది. రెండు రోజులు కూర్చుని నాలుగు వందల దుప్పట్లకీ గలీబులకీ మూల మీద దారం కుట్టింది. పైవాళ్ళవాటికి నీలం, కిందివాళ్ళవాటికి ఎరుపు. కొత్త మెషీను నీలానికి, ముసలి మెషీను ఎరుపుకి. ఎర్ర దారం మూటలు ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకునేది. నీలం వాటికి ఉత్త చేతులే. ఎందుకని ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేదేమో, కానీ ఎవరూ అడగలేదు. పైపెచ్చు మేనేజరు మీటింగులో అందరి ముందూ లేచి, "బుర్ర అంటే ఇదీ" అని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం మడతక్క మొగుడికి ఆ ముచ్చట మూడుసార్లు చెప్పింది.

ఆ చలికాలంలో ముసలి మెషీనుకి హీటర్ పోయింది. గుండ్రంగా తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, నురగ కక్కుతుంది. నీళ్ళు మాత్రం కుళాయిలోంచి ఎంత చల్లగా వచ్చాయో అంత చల్లగానే బయటికి పోతాయి.

"సార్, ముసలి మెషీనులో నీళ్ళు కాగట్లేదు" అని చెప్పింది.

"తిరుగుతోంది కదమ్మా?"

"తిరుగుతోంది. కాగట్లేదు."

"చూద్దాం" అని నవ్వాడు.

చూద్దాం అన్నాక ఇక చూడాల్సింది అతనే అనుకుని మడతక్క చేతులు దులుపుకుంది. ప్రతి సోమవారం ఆవిడ దగ్గరికి ఒక కాగితం వచ్చేది. మెషీన్లు సవ్యంగా పనిచేస్తున్నాయి, శుభ్రత నియమాలు పాటిస్తున్నాం అని అచ్చేసి ఉండేది. ఇరవై ఆరేళ్ళుగా దాని కింద సంతకం పెట్టడం ఎంత అలవాటంటే, చదవడం మానేసి ఇరవై అయిదేళ్ళయింది. హీటర్ పోయాక కూడా సంతకం పెట్టింది. ఒకటి కాదు, ఇరవై ఒక్క సోమవారాలు.

వసంతం వచ్చేసరికి కింది అంతస్తులో గజ్జి పట్టుకుంది. ముందు ఒక గదిలో, తర్వాత నాలుగు గదుల్లో. డాక్టరమ్మ గురువారం గురువారం వచ్చి పూతమందు ఇచ్చి వెళ్ళేది. వారం తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. భోజనాల హాల్లో పై అంతస్తు ఆడవాళ్ళు బల్లలు దూరం జరుపుకున్నారు. "వాళ్ళకి స్నానం అలవాటు లేదట" అని వంటాయన గరిటె తిప్పుతూ ఒక మాట వదిలాడు. అది సాయంత్రానికల్లా భవనమంతా తిరిగి మళ్ళీ అతని దగ్గరికే, నలుగురు సాక్షులతో, నిజమై వచ్చింది. మేనేజరు కింది అంతస్తు గోడ మీద బొమ్మల కాగితం అంటించాడు. చేతులు ఎలా కడుక్కోవాలో ఏడు బొమ్మల్లో. పై అంతస్తులో అంటించలేదు. అక్కడివాళ్ళు చేతులు కడుక్కోవడం తెలిసే పుట్టారు కాబోలు.

ఆ బొమ్మల కాగితానికి సరిగ్గా ఎదురుగా ఉన్న గదిలో ఒక తల్లి, ఏడేళ్ళ కూతురు ఉండేవాళ్ళు. పొడుగాటి మనిషి, నిటారుగా నడిచేది. తన దేశంలో ఆస్పత్రిలో నర్సుగా చేసేదట. ఈ మాట ఆఫీసులో చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. పాపకి ఆ నెలాఖరు శుక్రవారంలోపు బడిలో చేరాలని కాగితం వచ్చింది. కానీ ఒంటి మీద అంటురోగం లేదని డాక్టరమ్మ సంతకం కావాలి. అది లేకపోతే బడి లేదు సరికదా, తల్లీకూతుళ్ళని ఊరి బయట రేకుల షెడ్లకి మార్చేస్తారు. అక్కడ బడి లేదు, బస్సు లేదు, అక్కడికి వెళ్ళినవాళ్ళ దస్త్రం మళ్ళీ ఎవరూ తెరిచిన దాఖలా లేదు.

ఆ తల్లి ఒకరోజు దుప్పట్లు తిరిగి ఇవ్వనంది. స్నానాల గదిలో కెటిల్‌తో నీళ్ళు కాచి, బక్కెట్లో పోసి, దుప్పటి తనే ఉతుక్కుంది. వరండాలో నీళ్ళు కారాయి. "మురికి అలవాట్లు, నియమాల ఉల్లంఘన" అని ఆవిడ పేర హెచ్చరిక కాగితం వచ్చింది. శుభ్రంగా ఉతుక్కున్నందుకు మురికి మనిషని రాసి చేతికిచ్చారు. చదివినవాళ్ళెవరికీ నవ్వు కూడా రాలేదు.

మర్నాడు ఆవిడ దుప్పటి తీసుకుని లాండ్రీ కిటికీ దగ్గరికి వచ్చింది. పాపని పక్కన నిలబెట్టుకుంది. మూల మీద దారం చూపించి, వచ్చిన నాలుగు మాటల్లో అడిగింది.

"ఎరుపు, మేం?"

"అవును" అంది మడతక్క.

"నీలం, పైన?"

"అవునమ్మా. గుర్తు కోసం."

ఆవిడ పాప చొక్కా చేయి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా గోళ్ళ గీతలు, వాటి మీద పొక్కులు, కొన్ని చితికి తడిగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం ఎండిన మట్టిలా బీటలు తీసింది. తర్వాత అరలో ఉన్న ఉతికిన ఎర్ర దారం దుప్పటి మీద చేయి వేసి, "ఇది. నీళ్ళు వేడి?" అని అడిగింది.

మడతక్క చెప్పడానికి ఏముంది? ఎదురుగా నిలబడ్డ మనిషికి అంతా తెలుసు. తెలిసి కూడా అరవకుండా, నర్సు రోగి ఇంట్లోవాళ్ళని అడిగినట్టు, నిదానంగా అడుగుతోంది. మడతక్క రబ్బరు తొడుగులు లాగేసి తొట్టిలో పారేసింది.

లెక్క చాలా తేలిక. వీళ్ళు మురికివాళ్ళు కాబట్టి వీళ్ళ దుప్పట్లు వేరే మెషీనులో. ఆ మెషీనులో నీళ్ళు కాగవు కాబట్టి గజ్జి పోదు. గజ్జి పోదు కాబట్టి వీళ్ళు మురికివాళ్ళు. ఇంత చిన్న గొలుసు, అయిదు నెలలు తన చేతుల మీదుగానే తిరిగింది. తన ఒళ్ళు తనకే కంపరమెత్తింది.

మర్నాటి నుంచి ఆ తల్లీకూతుళ్ళ దుప్పట్లు, బట్టలు మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయిన వేళ కొత్త మెషీనులో వేసింది. మరిగే నీళ్ళలో గంటసేపు. కింది అంతస్తు మొత్తం ఎందుకు వెయ్యలేదని అడుగుతారేమో. ధైర్యం చాలలేదు. రెండేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి. ఒక్క మూట అయితే ఎవరి కంటా పడదనుకుంది. తొమ్మిది రోజులకి పాప చేతుల మీద పొక్కులు ఎండి రాలాయి. కిటికీ దగ్గర ఆ పిల్ల రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించింది. మడతక్క "బాగుంది, బాగుంది" అని అటు తిరిగి, మడతలు చెదరని దుప్పట్లని మళ్ళీ మడత పెట్టింది.

పదో రోజు తన పనిలో ఎన్నడూ జరగని పొరపాటు జరిగింది. వాళ్ళ ఎర్ర దారం గలీబు ఒకటి మెషీను రబ్బరు అంచులో ఇరుక్కుని, తర్వాతి నీలం మూటలో కలిసిపోయింది. ఇస్త్రీ అయి, పైకి వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి ఆ మొదట గొడవ పెట్టిన ఆవిడ మంచం మీదే చేరింది.

ఆవిడ దాన్ని రెండు వేళ్ళ చివరలతో పట్టుకుని, చచ్చిన ఎలుకని మోసుకొచ్చినట్టు ఆఫీసుకి తెచ్చింది. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. గలీబు మల్లెపువ్వులా ఉంది. మూల మీద అర అంగుళం ఎర్ర దారం తప్ప దానికి ఏ దోషమూ లేదు. ఆవిడ అప్పుడే ఒళ్ళు గోక్కోవడం మొదలెట్టింది. "నా పిల్లలు దీని మీద తల పెట్టుకున్నారు" అని ఏడ్చింది కూడా. ఇదే మనిషి ఏడాదిన్నర కిందట ఒక సంచీతో, కాళ్ళకి రెండు రకాల చెప్పులతో ఈ గుమ్మంలో నిలబడి ఏడిస్తే మడతక్కే మంచినీళ్ళు ఇచ్చింది. తన ఇల్లు కూలిన మనిషికి ఇంకొకళ్ళ ఇల్లు కూలిన బాధ తెలుస్తుందని అనుకుంటాం. ఏం తెలిసి చస్తుంది! పైమెట్టు మీద కాస్త చోటు దొరికితే చాలు, కింద నిలబడ్డవాడి వేళ్ళు తొక్కడానికి ఎవరైనా సిద్ధమే.

మేనేజరు నవ్వుతూ ఆవిడని సముదాయించి పంపాడు. ఆ రోజు ఉతికిన నీలం దుప్పట్లన్నీ మందు వేసి మళ్ళీ రెండుసార్లు ఉతకమన్నాడు. తర్వాత తలుపు వేశాడు.

"కలిపారా అమ్మా?"

"ఆ మెషీనులో నీళ్ళు కాగట్లేదని చెప్పాను కదండీ. అందుకే వాళ్ళకి దురద పోవట్లేదు. ఈ పాపకి చూడండి, వేడినీళ్ళలో వేస్తే తొమ్మిది రోజుల్లో..."

"వాళ్ళ దేశంలో వేడినీళ్ళు ఎక్కడివమ్మా?" అన్నాడు, పిల్లలకి చెప్పినట్టు. "వాళ్ళ ఒంటికి అది అలవాటే. మనమే ఎక్కువ ఊహించుకుంటాం. సరేలెండి, ఆ తల్లీకూతుళ్ళని శుక్రవారం షెడ్లకి పంపించేద్దాం. వాళ్ళ వల్లే కదా ఈ గొడవంతా. పైవాళ్ళు కూడా స్థిమితపడతారు."

"పాపకి తగ్గిపోయిందండీ!"

"కాగితం మీద తగ్గలేదు కదా."

మడతక్కకి ఆ నవ్వు మొహం మీద ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు. బయటికొచ్చి సింకులో ఉమ్మింది. కిందివాళ్ళకి మేలు చేయబోయి వాళ్ళ కొంప తనే ముంచింది. మంగళవారం సాయంత్రం అది. చేతిలో ఉన్నది బుధ, గురువారాలు.

ఇంటికెళ్ళి మొగుడికి అంతా చెప్పింది. ఆయన సిటీ బస్సు నడిపి ఈమధ్యే రిటైరయిన మనిషి, మోకాళ్ళ నొప్పులు తప్ప చింత లేదు. మొత్తం విని, "నీకెందుకే ఈ గోలంతా? రెండేళ్ళు నోరు మూసుకుంటే గౌరవంగా బయటికొస్తావు" అన్నాడు.

"ఆ పిల్ల చదువు పోతుందండీ."

"పోతే పోతుంది. మనం పంపిస్తున్నామా? అసలు నిన్ను అని ఏం లాభం, నేనేం తక్కువ తిన్నానా" అని నవ్వాడు. "చివరి ఏడాది, ఆ పాత గోడౌను స్టాపులో వాళ్ళు గుంపుగా నిలబడేవాళ్ళు చూడు, నేను ఆపేవాణ్ణి కాదు. ఎక్కితే మనవాళ్ళు మొహాలు మాడ్చుకుంటారని. వానలో చేతులు ఊపుకుంటూ బస్సు వెనక పరిగెత్తేవాళ్ళు. అద్దంలో చూస్తుంటే భలే నవ్వొచ్చేది."

ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. ఆ నవ్వు ఆవిడకి బాగా తెలిసిన నవ్వే. పెళ్ళినాటి నుంచి ఇష్టపడ్డ నవ్వే. ఇప్పుడు అది వింటుంటే పళ్ళెంలో ఈగ పడ్డట్టయింది. "మీరు కూడానా" అంది. ఆయనకి అర్థం కాలేదు. "నేను కూడానా అంటే? అందరూ అంతే కదే" అన్నాడు. ఆవిడ పళ్ళెం తీసేసి చేయి కడుక్కుంది. అందరూ అంతే. తనూ అంతే. అద్దంలో చూసి నవ్వలేదు, దారం కుట్టి మెప్పు పొందింది, తేడా అంతే.

గురువారం డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఎప్పుడూ గడియారం చూసుకునే మనిషి. షెడ్లకి మార్చే కాగితం మేనేజరు ముందే సిద్ధం చేసి బల్ల మీద పెట్టాడు. సంతకం ఒక్కటే తక్కువ. డాక్టరమ్మ వరండాలోకి రాగానే మడతక్క చేయి పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం నాతో రండి."

"టైము లేదండీ."

"ఆ పాపకి మందు రాయడానికి ఇన్ని గురువారాలు టైము దొరికింది కదమ్మా. ఎందుకు తగ్గలేదో చూడ్డానికి ఒక్క నిమిషం."

లాండ్రీ గదిలో ముసలి మెషీను తిరుగుతోంది. మడతక్క దాన్ని ఆపి, నీళ్ళు వదిలే గొట్టం బక్కెట్లో పెట్టి, డాక్టరమ్మ చేతిని అందులో ముంచింది. బతిమాలలేదు, ముంచేసింది. ఆ అమ్మాయి చేయి వెనక్కి లాక్కుని, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"ఇరవై ఒక్క వారాల నుంచి."

"మేనేజరుగారికి తెలుసా?"

"చెప్పాను. చూద్దామన్నారు."

డాక్టరమ్మ ఆ పాప చేతులు చూసింది, షెడ్ల కాగితం మీద సంతకం పెట్టనంది. అంతవరకు మంచిదే. కానీ ఆ పిల్లకి బడికి సర్టిఫికెట్ ఇవ్వాలంటే రోగానికి కారణం తేలిందనీ, అది తొలగిపోయిందనీ రాయాలట. కారణం మెషీను అని రాయాలంటే ఎవరో ఒకరు అవునని రాసివ్వాలి. విచారణ మొదలైతే అది ముగిసేదాకా దస్త్రం కదలదు. విచారణలు నెలలు పడతాయి. బడి గడువు రేపటితో సరి. "ఎవరైనా ఒప్పుకుని రాసిస్తే ఇవాళే ముగించేయొచ్చు" అంది డాక్టరమ్మ, పాపం ఆ అమ్మాయికి ఆ మాటలో ఉన్న బరువు తెలియదు. మేనేజరుకి తెలుసు.

గంటలో కాగితం టైపు చేసి తెచ్చాడు. కుర్చీ లాగి మడతక్కని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

ఇరవై అయిదేళ్ళ తర్వాత ఆవిడ సంతకం పెట్టబోయే కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చదివింది. లాండ్రీ ఉద్యోగిని కింది కుటుంబాల పట్ల తనకున్న వ్యక్తిగత వ్యతిరేకతతో, ఎవరి ఆదేశమూ లేకుండా, వాళ్ళ దుప్పట్లకి గుర్తులు కుట్టి, వాటిని వేరు చేసి, పాడైన మెషీనులో ఉతికింది. మెషీను బాగున్నట్టు ఇరవై ఒక్కసార్లు సంతకం చేసి కార్యాలయాన్ని తప్పుదారి పట్టించింది. ఉద్యోగం నుంచి తొలగించడానికి ఆమె అంగీకరిస్తోంది.

"ఇది మీరు చెప్తేనే కదా చేశాను!" అంది.

"నేనేం చెప్పానమ్మా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయినట్టు కనుబొమలు ఎగరేశాడు. "కలవకుండా చూడమన్నాను. దారాలు కుట్టమన్నానా? ఆ మెషీనులో వెయ్యమన్నానా? తొడుగులు వేసుకోమన్నానా?"

అనలేదు. ఒక్కటీ అనలేదు. అదీ అతని తెలివి. అతని చేతులు ఎప్పుడూ తడవలేదు. ఆ కాగితంలో ఏ వాక్యం అబద్ధమని వేలు పెట్టి చూపిద్దామా అని మడతక్క మూడుసార్లు వెతికింది. కుట్టింది తను. వేరు చేసింది తను. ఇరవై ఒక్క సంతకాలూ తనవే. లేనిది అతని పేరొక్కటే. పెంటకుప్పనంతా ఒకరి నెత్తిన పెట్టి తను కాళ్ళు కడుక్కుని పోయే విద్య అతనికి ఉగ్గుపాలతోనే వచ్చినట్టుంది.

"విచారణ కావాలంటే హాయిగా అడగొచ్చు" అన్నాడు మేనేజరు, గోడ గడియారం వైపు చూస్తూ. "మీ హక్కు. కాకపోతే ఆ పాప..."

"ఆ పాప మాట మీ నోట్లోంచి రానివ్వకండి. నాకు వాంతొస్తుంది" అంది మడతక్క. "హీటర్ బాగు చేయిస్తారా?"

"మెకానిక్ దారిలో ఉన్నాడమ్మా."

"దారాలు విప్పిస్తారా?"

"చూద్దాం" అన్నాడు.

సంతకం పెట్టింది. పెన్ను కాగితం మీద ఎంత గట్టిగా నొక్కిందంటే, అడుగున ఉన్న కాగితం మీద కూడా అచ్చు దిగింది. అతను కాగితం తీసుకుని, ఆవిడ కుర్చీలోంచి లేస్తుంటే సాయంగా మోచేయి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేయిని పురుగుని దులిపినట్టు దులిపేసింది.

మర్నాడు మధ్యాహ్నం, శుక్రవారం, భోజనాల హాల్లో అందరినీ సమావేశపరిచారు. మడతక్క తన సామాను, అంటే ఒక టిఫిను డబ్బా, ఒక స్వెట్టరు, పట్టుకుపోవడానికి వచ్చింది. ఆవిడనీ హాలుకి రమ్మన్నారు. కిటికీల వైపు బల్లల దగ్గర పైవాళ్ళు కూర్చున్నారు, గోడ వైపు కిందివాళ్ళు. ఇది కూడా ఎవరూ చెప్పి చేయించింది కాదు. వంటాయన గిన్నెల వెనక నిలబడ్డాడు, మొహం ఎత్తలేదు. ముందు వరసలో ఆ తల్లి, కూతురు ఉన్నారు. తల్లి చేతిలో డాక్టరమ్మ సంతకం ఉన్న సర్టిఫికెట్. పాపకి జుట్టు రెండు జడలుగా బిగించి అల్లారు. సాయంత్రంలోపు బడికి వెళ్ళి పేరు రాయించుకు రావాలి.

మేనేజరు లేచి మాట్లాడాడు. పక్కన దుబాసీ, ముక్కు చీదుకుంటూ, ఒక్కో మాటా కిందివాళ్ళ భాషలో చెప్పాడు. మన మధ్య ఒక ఉద్యోగిని కింది కుటుంబాల దుప్పట్లని వాళ్ళ రంగు చూసి వేరు చేసిందనీ, గుర్తులు కుట్టిందనీ, చల్లనీళ్ళలో ఉతికి పిల్లలకి రోగం తెచ్చిందనీ చెప్పాడు. ఆమె తప్పు ఒప్పుకుందన్నాడు. ఆమెని ఇవాళ తొలగించామన్నాడు. మన గృహంలో మనిషి రంగుకి విలువ లేదన్నాడు. గొంతు కాస్త గద్గదమైంది కూడా.

ఆ తల్లి తల తిప్పి మడతక్కని చూసింది. కిటికీ దగ్గర, తొడుగులేసుకుని, అయిదు నెలలు దుప్పట్లు అందించిన మనిషిని. పది రోజులు కొత్త మెషీనులో వేసింది ఎవరో, డాక్టరమ్మ చేయి నీళ్ళలో ముంచింది ఎవరో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పే భాష మడతక్కకి లేదు. ఉన్న ఒక్క దుబాసీ మేనేజరు పక్కన నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి ఒక్క కేక పెడితే చాలు, విచారణ మొదలవుతుంది, ఆ కాగితం ఆ చేతిలోంచి పోతుంది. మడతక్క పళ్ళు బిగించుకుని నిలబడింది.

మేనేజరే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. గలీబుని రెండు వేళ్ళతో పట్టుకొచ్చిన ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. వంటాయన గరిటె పక్కన పెట్టి కొట్టాడు. ఆ తల్లి సర్టిఫికెట్‌ని చంకలో పెట్టుకుని, మడతక్క కళ్ళలోకి సూటిగా చూస్తూ, నెమ్మదిగా కొట్టింది. అమ్మని చూసి పాప కూడా రెండు చేతులూ ఎత్తి కొట్టింది. పొక్కు మచ్చ లేని చిన్న చేతులు.

మిగతా చప్పట్లు మడతక్కకి రోత పుట్టించాయి. ఆ తల్లీకూతుళ్ళ చప్పట్లు మాత్రం, అవి తనకే తగినవని ఒప్పుకుని, ఆగేదాకా నిలబడి విన్నది.